చీపురు బండి

పందెంలో అందరికన్నా వెనక వచ్చే బండి నాది.
చీపురు బండి అంటారంట దీన్ని.
మాట నిజం చేద్దామని మేనేజరు
ఓ కొబ్బరి చీపురు తెచ్చి అద్దానికి కట్టాడు.
మామూలు రోజుల్లో ఇదే బండిలో
నైట్ షిఫ్టు పిల్లల్ని ఎలక్ట్రానిక్ సిటీకి తోలతాను.

పని చిన్నది.
ఆగిపోయినవాడి వీపు మీది నంబరు విప్పి
సైకిలు పైన కట్టి, మనిషిని లోపల కూర్చోబెట్టడం.
తొందరపెట్టకూడదు. హారన్ అసలే కొట్టకూడదు.
బెంగళూరులో హారన్ లేకుండా నూటఎనభై కిలోమీటర్లు!
అరచెయ్యి దురద పెట్టింది.

కబ్బన్ రోడ్డులో గులాబీ రంగు పూలు రాలి
తారంతా మెత్తగా ఉంది.
నూటముప్ఫై మంది ఒక్కసారి కదిలితే
శిడ్లఘట్టలో మా మేనత్త ఇంట్లో
తట్టల నిండా పట్టుపురుగులు
రాత్రంతా మల్బరీ ఆకు కొరికే చప్పుడు.
అంత ఆకలీ, ఒక్క మాటా లేదు.

దేవనహళ్ళి దాటాక ద్రాక్ష పందిళ్ళు, పురుగుమందు వాసన,
గోడలెక్కి కేకలేసే పిల్లలు.
నంది కొండ మలుపుల్లో మొదటివాడు దొరికాడు,
ఎక్కుతూనే ఏడ్చాడు.
రెండోవాడు ఏదో చల్లటి దేశం మనిషి,
ముక్కు మీద పొట్టు లేచింది.
అరటిపండు తిని, తొక్క ఎక్కడ వెయ్యాలని అడిగాడు.
మాకు ఇది వసంతం, అన్నాడు.
మాకూ అంతే, అన్నాను.
ఇద్దరం ఎండలోకి చూశాం.

ఎనభయ్యేడో నంబరు మాత్రం ఎక్కలేదు.
రాజేసాబ్ నదాఫ్, బిజాపురం పిల్లోడు.
వాడి ఉద్యోగం నీళ్ళు మోయడం.
కారు దగ్గరికి వెనక్కి రావడం,
ఆరు సీసాలు చొక్కాలో కుక్కుకుని గూనివాడై
మళ్ళీ ముందుకు ఎగబాకి
టీమ్ పెద్దకి అందించడం.
గెలవమని వాడికెవరూ జీతం ఇవ్వరు.
మూడోసారి నీళ్ళతో బయల్దేరేసరికి
చిక్కబళ్ళాపురం అవతల ఎదురుగాలిలో
ముందు గుంపు తెగిపోయింది.
దారం తెగినంత చప్పుడైనా రాలేదు.

"ఎక్కుతావా?" కిటికీలోంచి అడిగాను.
"ఇంకొంచెం."
పది కిలోమీటర్లు పోయాక మళ్ళీ అడిగాను.
"ఇంకొంచెం."
అప్పిచ్చినవాళ్ళతో మా నాన్న ఇట్లాగే మాట్లాడేవాడు.

యలహంక దగ్గర వైర్‌లెస్‌లో చెప్పారు, పందెం అయిపోయిందని.
పోలీసులు బారికేడ్లు లాగేశారు.
ఆదివారం మధ్యాహ్నం మొత్తం రోడ్డు మీదికి దూకింది:
ఆటోలు, నీళ్ళ ట్యాంకర్లు, పెళ్ళికి పోయే బస్సు.
హెబ్బాళ దగ్గర ఎర్ర దీపం పడితే
వాడు ఆగాడు.
ప్రొఫెషనల్ రేసరు,
తొడల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి,
ఒక కాలు నేలకానించి,
పాల క్యాన్ల స్కూటరు పక్కన
తొంభై నుంచి కిందికి లెక్కపెట్టే పలకని చూస్తూ.

అప్పుడు కొట్టాను హారన్.
వాడి కోసం కాదు, వాడి మీదికొస్తున్న టెంపో కోసం.
ఆ తర్వాత మేఖ్రి సర్కిల్ దాకా కొడుతూనే ఉన్నాను,
ఊరేగింపు వెనక మేళంలా.

మేం చేరేసరికి గీత ఉంది, మనుషులు లేరు.
గాలి నింపి నిలబెట్టిన తోరణం
గాలి తీసేస్తే ఒక పక్కకి ఒరిగి
ఏనుగులా కూర్చుంటోంది.
వాడు తల వంచి దాని కిందనుంచే పోయాడు.
"మా అన్న ఎన్నోవాడు?" అదొక్కటే అడిగాడు.
"ఆరు."
"ఆరా," అన్నాడు, ఆ అంకెని నోట్లో తిప్పుకుంటూ.

చొక్కాలో ఇంకా రెండు సీసాలున్నాయి, ఎవరికీ చేరనివి.
ఒకటి నాకిచ్చాడు.
వేడెక్కిన నీళ్ళు, నిమ్మకాయ, కొంచెం చెమట వాసన.

రూలు ప్రకారం నంబరు నేనే విప్పాలి.
నాలుగు పిన్నీసులు. మూడే వచ్చాయి,
ఒకటి గుడ్డలో ఇరుక్కుని వంగిపోయింది.

చీపురు ఇంటికి తీసుకెళ్ళాను, బాగానే ఊడుస్తోంది.
పిన్నీసులు బండి సన్‌షేడ్‌కి గుచ్చుకున్నాను.
నిన్న నైట్ షిఫ్టు అమ్మాయి చెప్పు తెగితే
ఒకటిచ్చాను.
రెండున్నాయి.